కొత్తగా డిగ్రీలో చేరిన పిల్లల కోసం ఆట పద్ధతి యాప్‌లు: సరిహద్దు కళాశాలల్లో ఏది పనికొచ్చింది, ఏది రాలేదు?

మహేంద్రతనయ (పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా)

సభ్యులందరికీ నమస్కారం. గజపతి జిల్లాలోని ఒక డిగ్రీ కళాశాలలో భౌతికశాస్త్రం బోధిస్తున్నాను. ప్లస్ త్రీ (ఒడిశాలో డిగ్రీని ఇలా అంటారు) మొదటి సంవత్సరంలో చేరిన పిల్లల కోసం మేము గత ఏడాది ఒక మొబైల్ యాప్ వాడాము. ఆ అనుభవం అప్పటి నుంచీ నా మనసులో నలుగుతూనే ఉంది. మళ్లీ ప్రవేశాలు దగ్గరపడుతున్నాయి కనుక, ఈ పనిలో చేయి పెట్టినవారి మాట విన్నాకే ముందుకు వెళ్లాలని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

మా తరగతి గది ఎలా ఉంటుందో ముందు చెప్పాలి. మా పిల్లల్లో చాలామందికి ఇంట్లో తెలుగు, బజారులోనూ ఆఫీసుల్లోనూ ఒడియా, పాఠ్యపుస్తకంలో ఇంగ్లీషు. కొండ ఊళ్ల నుంచి వచ్చేవారికి ఈ మూడింటికన్నా ముందు సవర భాష ఉంటుంది. ఒడిశా ప్రభుత్వ ఆన్‌లైన్ ప్రవేశాల వెబ్‌సైట్ అయిన శామ్స్ పోర్టల్‌లో సీటు వచ్చిందని తెలిసి, ట్రంకు పెట్టె పట్టుకుని హాస్టల్‌లో దిగిన పిల్లవాడికి ప్రాక్టికల్ రికార్డు ఎక్కడ కొనాలో, స్కాలర్‌షిప్ ఫారం మీద ఎవరి సంతకం కావాలో, పాఠం అర్థం కాకపోతే ఎవరిని అడగాలో తెలియదు. అడగడానికి ఏ భాష ఎంచుకోవాలో కూడా తెలియదు. అలా వెనుక బెంచీలో మౌనంగా కూర్చుని, దసరా సెలవులకు ఇంటికి వెళ్లి తిరిగి రాని పిల్లలను నేను చూశాను. కొత్త విద్యా విధానం ప్రకారం ఏడాది పూర్తిచేసి మానుకున్నవారికి సర్టిఫికెట్ ఇవ్వవచ్చు. దసరాకు వెళ్లిపోయినవారి చేతికి మాత్రం ఏ కాగితమూ రాదు.

అందుకే ఆ యాప్ తెచ్చాము. తరగతికి వస్తే పాయింట్లు, రోజూ ఐదు ప్రశ్నల క్విజ్‌కు పాయింట్లు, ఏడు రోజులు వరుసగా ఆడితే ఒక బ్యాడ్జీ, అన్నింటినీ కలిపి చూపించే ర్యాంకుల పట్టిక అందులో ఉన్నాయి. మొదటి మూడు వారాలు పిల్లలు ఎంత ఉత్సాహంగా ఉన్నారంటే, ఇన్నేళ్లూ ఈ పని ఎందుకు చేయలేదా అని నన్ను నేనే ప్రశ్నించుకున్నాను. ఆ తర్వాత పట్టికలో పైనున్న పది పేర్లు మారడం ఆగిపోయింది. ఆ పదిమందే ఆడుతూ ఉన్నారు, మిగతావారు యాప్ తెరవడం మానేశారు. నేను చేసిన పెద్ద పొరపాటు ఆ పట్టికను ప్రింటు తీసి నోటీసు బోర్డుకు అతికించడం. చిట్టచివరి పేరున్న అమ్మాయి సాయంత్రం స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర చాలాసేపు నిలబడి, "సార్, మా ఇంట్లో ఉన్నది ఒకటే ఫోను, అది అన్నయ్య దగ్గర ఉంటుంది. పాఠాలు మాత్రం రోజూ చదువుతున్నాను" అని చెప్పి వెళ్లింది. మర్నాడు ఆ కాగితం తీసేశాను. ఆ అమ్మాయి గుమ్మంలో నిలబడిన తీరు మాత్రం ఇంకా కళ్ల ముందే ఉంది.

నా ప్రశ్న ఇది. ర్యాంకు లేకుండా ఆటను ఆటగా నిలపగలమా? నిలపగలిగితే, ఎవరు వెనుకబడి ఉన్నారో వారికే మొదట అందేలా చేయడం ఎలా?

బరంపురం అక్షరం (గంజాం జిల్లా)

మహేంద్రతనయ గారూ, ఇంత నిజాయితీగా రాసినందుకు ధన్యవాదాలు. మనస్తత్వశాస్త్రం బోధించి పదవీ విరమణ చేశాను కనుక ఆ వైపు నుంచి చెబుతాను.

ఈ పద్ధతికి గేమిఫికేషన్ అనే పేరు 2002 ప్రాంతంలో పుట్టినా, పరిశోధకులు ఎక్కువగా వాడే నిర్వచనం 2011లో సెబాస్టియన్ డిటర్డింగ్, ఆయన సహచరులు ఇచ్చినది: ఆట కాని సందర్భంలో ఆటల రూపకల్పనలోని అంశాలను వాడడం. ఇందులో "అంశాలు" అన్న మాటను పట్టుకోండి. పాయింటు, బ్యాడ్జీ, పట్టిక అనే మూడూ ఆటలోని అంశాలే తప్ప ఆట కావు. ఆటకు ప్రాణం పోసేది, ఈసారి ఓడినా మళ్లీ వేయవచ్చన్న ధైర్యం. అష్టాచెమ్మాలో చివరి కాయ ఇంట్లోనే చిక్కుకున్నవాడు కూడా గవ్వలు విసురుతూనే ఉంటాడు, ఎందుకంటే పందెం ఎప్పుడైనా తిరగబడవచ్చు. మీ పట్టికలో మూడు వారాల తర్వాత ఆ అవకాశం మిగలలేదు. నలభయ్యో స్థానంలో ఉన్న పిల్లవాడు ఎంత ఆడినా నలభయ్యోవాడే అయితే, ఆడకపోవడమే వాడికి గౌరవంగా తోస్తుంది.

బహుమతి గురించి ఒక పాత ప్రయోగం ఉంది. మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ 1973లో దానిని ప్రచురించారు. రంగు పెన్నులతో బొమ్మలు గీయడమంటే ముందునుంచే ఇష్టమున్న నర్సరీ పిల్లలను తీసుకుని, కొందరికి బొమ్మ గీస్తే ప్రశంసాపత్రం ఇస్తామని ముందుగానే చెప్పారు, కొందరికి చెప్పకుండా చివర్లో ఇచ్చారు, మిగిలినవారికి ఏమీ ఇవ్వలేదు. తర్వాత కొన్ని రోజులకు పిల్లలను స్వేచ్ఛగా వదిలి చూస్తే, ముందే ఆశపెట్టిన పిల్లలు మిగతా రెండు గుంపుల పిల్లలతో పోలిస్తే దాదాపు సగం సమయమే బొమ్మల మీద గడిపారు. ఇష్టంతో చేసే పనికి కూలి కట్టినప్పుడు, కూలి లేనిరోజున ఆ పని మీద మనసు పోదు.

డిగ్రీ స్థాయిలోనూ ఇలాంటి ఫలితం కనిపించింది. మైకేల్ హానస్, జెస్సీ ఫాక్స్ అనే పరిశోధకులు ఒకే కోర్సును రెండు తరగతుల్లో నడిపి, ఒకదానిలో మాత్రం బ్యాడ్జీలు, ర్యాంకుల పట్టిక పెట్టి, 16 వారాలపాటు గమనించారు. 2015లో వెలువడిన ఆ అధ్యయనంలో, ఆట అంశాలున్న తరగతిలో ఆసక్తీ సంతృప్తీ రెండో తరగతికన్నా తగ్గాయి, చివరి పరీక్షలో మార్కులు కూడా తక్కువ వచ్చాయి. కనుక మీ తరగతిలో జరిగినదానికి మీ ఒక్కరినే నిందించుకోకండి.

ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయాన్ చెప్పిన సిద్ధాంతం ప్రకారం, మనిషి లోపలి నుంచి కదలాలంటే మూడు కావాలి: నా ఇష్టంతో చేస్తున్నాననే భావం, నాకు చేతనవుతోందన్న నమ్మకం, నాతో మనుషులున్నారన్న భరోసా. యాప్‌లో ఏ కొత్త అంశం పెట్టాలన్నా, ఈ మూడింటిలో ఏది పెరుగుతుంది, ఏది తరుగుతుంది అని ముందు అడగండి. ర్యాంకుల పట్టిక పదిమందికి రెండోదాన్ని పెంచి, మిగతా అందరికీ రెండోదాన్నీ మూడోదాన్నీ తగ్గిస్తుంది.

జయపురం కోడర్ (కోరాపుట్ జిల్లా)

పెద్దవారి మాటను గౌరవిస్తూనే కొంత విభేదిస్తాను. యాప్‌లు తయారుచేయడం నా వృత్తి. ఒక్క అధ్యయనం చూసి ఆటను పక్కన పెట్టకూడదు. మైకేల్ సైలర్, లీసా హోమ్నర్ 2020లో అనేక అధ్యయనాలను ఒకచోట చేర్చి పరిశీలించినప్పుడు, నేర్చుకోవడంపైనా ఆసక్తిపైనా ప్రవర్తనపైనా గేమిఫికేషన్ ప్రభావం చిన్నదే అయినా అనుకూలంగానే ఉందని తేలింది. పోటీని ఒంటరిగా కాక సహకారంతో కలిపి పెట్టినచోట ప్రవర్తన మీద మంచి ఫలితం కనిపించిందని కూడా వారు రాశారు.

రోజువారీ క్విజ్‌ను దయచేసి తీసేయకండి. పాయింట్లు ఉన్నా లేకున్నా, జ్ఞాపకం నుంచి జవాబును బయటికి లాగడమే చదువుకు మేలు చేస్తుంది. హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ 2006లో చేసిన ప్రయోగంలో, ఒక పాఠాన్ని రెండుసార్లు చదివినవారికి వారం తర్వాత 42 శాతం గుర్తుంటే, ఒకసారి చదివి రెండోసారి చూడకుండా రాసినవారికి 56 శాతం గుర్తుంది. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మాత్రం రెండుసార్లు చదివినవారే ముందున్నారు. చదివిన వెంటనే అంతా వచ్చేసిందనుకుని పరీక్షలో తడబడే మన పిల్లలకు ఈ సంగతి విడమరిచి చెప్పాలి.

వేగానికి పాయింట్లు ఇవ్వడాన్ని మాత్రం నేను కూడా ఒప్పుకోను. నార్వేలో పుట్టి 2013లో జనంలోకి వచ్చిన కహూట్ తరహా క్విజ్‌లలో, సరైన జవాబును ఎంత త్వరగా నొక్కితే అంత ఎక్కువ పాయింట్లు వస్తాయి. ఒడియా మాధ్యమంలోనో తెలుగు మాధ్యమంలోనో చదివి వచ్చిన పిల్లవాడు ఇంగ్లీషు ప్రశ్నను ముందు మనసులో తన భాషలోకి మార్చుకోవాలి, ఆ తర్వాత జవాబు వెతకాలి. విషయం తెలిసి కూడా వాడు ఆలస్యమవుతాడు. ఆ క్విజ్ కొలిచేది భౌతికశాస్త్రం కాదు, ఇంగ్లీషు చదివే వేగం. కహూట్‌లో ఒక్కో ప్రశ్నకు 240 సెకన్ల దాకా సమయం ఇచ్చే వీలుంది, ప్రశ్నకు పాయింట్లు లేకుండా పెట్టుకునే వీలూ ఉంది. చాలామంది అధ్యాపకులు మొదట కనిపించిన 20 సెకన్లనే వదిలేస్తారు. సొంత యాప్ అయితే గడియారాన్ని పూర్తిగా తీసేయమని నా సలహా.

వరుస రోజుల బ్యాడ్జీ గురించి ఒక మాట. దానిని భాషలు నేర్పే యాప్‌లు ప్రచారంలోకి తెచ్చాయి, పట్టణంలో అది చక్కగానే నడుస్తుంది. మన వైపు కొండ ఊరికి శనివారం వెళ్లినవాడికి సోమవారం దాకా సిగ్నల్ ఉండదు. వాడు చదవడం మానలేదు, టవర్ లేదు, అంతే. ప్రశ్నలు వారానికి సరిపడా ఫోనులోనే నిల్వ ఉండి, సిగ్నల్ తగిలినప్పుడు జవాబులు వాటంతటవే పైకి వెళ్లేలా రాయాలి. "వరుసగా ఏడు రోజులు" బదులు "ఈ వారంలో ఏ నాలుగు రోజులైనా" అని పెడితే సరిపోతుంది.

కాశీనగర్ అమ్మాయి (గజపతి జిల్లా)

పెద్దలకు నమస్కారం. నేను ఇప్పుడు ప్లస్ త్రీ రెండో సంవత్సరం. ఇక్కడ రాస్తున్నవారంతా మా గురించి మాట్లాడుతున్నారు కనుక, నిరుడు ఇలాంటి యాప్‌తో గడిపిన విద్యార్థినిగా నేను కూడా చెప్పాలనిపించింది. మా కళాశాల వేరు.

మా యాప్‌లో మొదటి వారం "వెతుకులాట" అని ఒకటి ఉండేది. ఆఫీసులో స్కాలర్‌షిప్ పని చూసే ఉద్యోగి సీటు ఎక్కడుందో కనుక్కోవాలి, గ్రంథాలయంలో మన విభాగం పుస్తకాల అరను వెతికి పట్టుకోవాలి, మన జిల్లావారు కాని ఒకరితో మాట్లాడి వారి ఊరి పేరు రాయాలి. చివరి ప్రశ్న, "నీ ఇంటి భాష మాట్లాడే ఒక సీనియర్‌ను కనుక్కో." ఆ ప్రశ్న లేకపోతే నేను ఆ అక్కను పలకరించేదాన్ని కాదు. ఒడియాలో పరీక్ష రాయాలా, ఇంగ్లీషులో రాయాలా అని నాలో నేను మథనపడుతుంటే, తానూ అలాగే భయపడ్డానని చెప్పి, తన పాత నోట్సు ఇచ్చింది. దానికి నాకు వచ్చిన పాయింట్లు ఎన్నో గుర్తులేదు. అక్క పక్కన కూర్చుని మొదటి యూనిట్ చెప్పిన సాయంత్రం బాగా గుర్తుంది.

నచ్చనిది కూడా చెబుతాను. రాత్రి తొమ్మిదిన్నరకు "నీ స్నేహితులు నిన్ను దాటిపోయారు" అని ఫోనులో కనిపించేది. హాస్టల్ గదిలో నలుగురం ఉండేవాళ్లం, నలుగురి ఫోన్లూ ఒకేసారి మోగేవి. అప్పటిదాకా కలిసి చదువుకుంటున్నవాళ్లం ఎవరి ఫోను వారు చూసుకుని ముఖాలు తిప్పుకునేవాళ్లం. ఆ ఒక్క వాక్యం ఎవరు రాశారో తెలియదు కానీ, అది రాసినవారు మొదటి నెలలో హాస్టల్‌లో నిద్ర పట్టని పిల్లను చూసి ఉండరని అనుకుంటాను.

వంశధార (గుణుపురం, రాయగడ జిల్లా)

అమ్మా, నువ్వు చెప్పిన వెతుకులాట మీద నాకు కొంత అనుభవం ఉంది. నేను గ్రంథాలయంలో పనిచేస్తాను.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. ఆస్ట్రేలియాలో బ్రిస్బేన్‌లోని క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీ ఆఫ్ టెక్నాలజీ పరిశోధకులు 2011లోనే కొత్త విద్యార్థుల కోసం "ఓరియెంటేషన్ పాస్‌పోర్ట్" అనే మొబైల్ యాప్ చేశారు. ప్రాంగణంలోని చోట్లను కనుక్కోవడం, కార్యక్రమాలకు వెళ్లడం, కొత్తవారితో పరిచయం చేసుకోవడం వంటివి చేస్తే అందులో చిన్న చిన్న విజయాలు నమోదవుతాయి. మన దేశంలో యూజీసీ 2019లో కొత్త విద్యార్థుల ప్రవేశ కార్యక్రమానికి "దీక్షారంభ్" పేరుతో మార్గదర్శకం ఇచ్చింది. చాలాచోట్ల అది మొదటి రోజు హాలులో ఉపన్యాసాలతో ముగుస్తుంది. ఆ ఉపన్యాసాల స్థానంలోకి వెతుకులాట రావాలని నా కోరిక.

మేము చేసినప్పుడు గ్రంథాలయం తలుపు మీద క్యూఆర్ కోడ్ అతికించాము. పిల్లలు బయటే నిలబడి, ఫోను చూపించి, చెప్పులు కూడా విప్పకుండా వెళ్లిపోయారు. కోడ్‌ను లోపల అర దగ్గరకు మార్చాము. రెండో రోజుకే దాని ఫొటో వాట్సాప్‌లో అందరికీ చేరింది, గ్రంథాలయం మొహం చూడనివారికి కూడా "పుస్తకప్రియుడు" బ్యాడ్జీ వచ్చింది. అప్పుడు నాకు కోపం వచ్చిన మాట నిజం, తర్వాత తెలిసింది తప్పు మాదేనని. మేము కొలిచింది కోడ్‌ను కనుక వారు కోడ్‌ను తెచ్చారు.

ఆ తర్వాత క్యూఆర్ తీసేసి, ఒక్కో విద్యార్థికి ఒక్కో ప్రశ్న ఇచ్చాము. దాని జవాబు కౌంటరు దగ్గరున్న మనిషిని అడిగితే తప్ప దొరకదు. "మీ ఊరికి దగ్గరలోని కొండ గురించి ఏదైనా పుస్తకం ఉందా?" లాంటివి. మహేంద్రగిరి గురించి అడగడానికి వచ్చిన ఒక అబ్బాయి, అడగడం పూర్తయ్యాక కూడా వెళ్లకుండా, ఆ కొండ కింద తన ఊరి గురించి నాకే అరగంట చెప్పాడు. ఆ తర్వాత ఏడాదంతా వచ్చాడు. ఫోను లేని పిల్లలకు అదే ప్రశ్నను అట్టముక్క మీద రాసి ఇచ్చి, జవాబు తెచ్చాక ముద్ర వేసేవాళ్లం. అట్ట తీసుకున్నవారికీ యాప్ వాడినవారికీ ఏ తేడా చూపలేదు. మహేంద్రతనయ గారూ, మీ గుమ్మంలో నిలబడిన అమ్మాయికి కావలసింది ఆ అట్టముక్కేనని నాకు అనిపిస్తోంది.

ఛత్రపురం నాన్న (గంజాం జిల్లా)

నేను అధ్యాపకుణ్ణి కాను. నా కొడుకు ఈ ఏడాది డిగ్రీలో చేరబోతున్నాడు. రెండు విషయాలు అడుగుతాను.

మొదటిది డేటా ఖర్చు. వీడియోలు, కదిలే బొమ్మలు లేని యాప్ చేయండి. రోజువారీ డేటా మధ్యాహ్నానికే అయిపోతే సాయంత్రం క్విజ్‌కు మళ్లీ రీఛార్జి చేయించేది మేమే.

రెండోది ఇంకా ముఖ్యం. మా వాడికి పదిహేడేళ్లు. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, 2023 ప్రకారం 18 ఏళ్లు నిండనివారు బాలలే, వారి వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి కావాలి. మొదటి సంవత్సరం తరగతిలో పదిహేడేళ్ల పిల్లలు ఎంతోమంది ఉంటారు. వాడు ఏ గంటకు యాప్ తెరిచాడు, ప్రాంగణంలో ఎక్కడ తిరిగాడు, ఎన్ని ప్రశ్నలు తప్పాడు అన్నవన్నీ ఎవరి దగ్గర ఉంటాయి, ఎంతకాలం ఉంటాయి? ఈ ప్రశ్నకు కళాశాల జవాబు తెలుగులోనో ఒడియాలోనో ఒక పేజీ రాసి మాకు ఇవ్వాలి. ఇంగ్లీషులో ఇరవై పేజీలు చూపించి "అంగీకరిస్తున్నాను" నొక్కించుకోవడం సమ్మతి కాదు.

జయపురం కోడర్

నాన్నగారూ, మీరు అడిగింది పూర్తిగా న్యాయం. స్థలం జాడ తీయాల్సిన అవసరమే లేదు, జవాబు సరైనదైతే చాలు. పేరు బదులు పిల్లలు ఎంచుకున్న మారుపేరు పెట్టవచ్చు. సెమిస్టరు ముగిశాక సమాచారమంతా చెరిపేసేలా మొదటి రోజే రాసిపెట్టవచ్చు. ఇవేవీ సాంకేతికంగా కష్టం కావు. అడిగేవారు లేక మేము చేయము, అంతే. డబ్బు సమస్య కూడా పెద్దది కాదు, ఆన్‌లైన్‌లో పాఠాలు నడిపే మూడల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో బ్యాడ్జీలు 2013 నుంచే ఉన్నాయి. కొత్త యాప్ కొనే ముందు మీ విశ్వవిద్యాలయంలో మూడల్ ఉందేమో కనుక్కోండి.

ప్రాణహిత (సిరొంచ, గడ్చిరోలి జిల్లా, మహారాష్ట్ర)

ఒడిశా మిత్రులకు సిరొంచ నుంచి నమస్కారం. ఇంట్లో తెలుగు, కళాశాలలో మరాఠీ, అడవి ఊళ్ల పిల్లలకు గోండి లేదా మాడియా. భాషల పేర్లు మార్చితే మీ తరగతే మా తరగతి. 2011లో ఏర్పడిన గోండ్వానా విశ్వవిద్యాలయం గడ్చిరోలి, చంద్రపూర్ జిల్లాల కళాశాలలకు ఆధారం. అయినా సిరొంచ నుంచి గడ్చిరోలికి వెళ్లి రావడమంటే ఒక రోజు గడిచిపోయినట్టే, కనుక పిల్లలకు సందేహం వస్తే తీర్చేది పక్కనున్న పిల్లలే.

ర్యాంకు లేకుండా ఆట నిలుస్తుందా అన్న మొదటి ప్రశ్నకు నాకు తెలిసిన మంచి జవాబు ఒకటి ఉంది. అమెరికాలోని రోచెస్టర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో 2011లో "జస్ట్ ప్రెస్ ప్లే" అనే ఆట మొదలుపెట్టారు. అందులో ఒక లక్ష్యం ఏమిటంటే, మొదటి సంవత్సరం ప్రోగ్రామింగ్ కోర్సులో 90 శాతం మంది ఉత్తీర్ణులైతే ఆ విజయం అందరి ఖాతాలోనూ పడుతుంది. ఆ ఒక్క నియమంతో పై తరగతుల విద్యార్థులు ఎవరూ చెప్పకుండానే వచ్చి చిన్నవారికి పాఠాలు చెప్పారు. ర్యాంకుల పట్టికలో పక్కవాడు ఓడితే నాకు మేలు. ఇక్కడ పక్కవాడు ఓడితే నాకూ నష్టమే.

మా వైపు కోలాటం ఆడేటప్పుడు ఒకరి కర్ర ఆలస్యమైతే ఎదుటివారి కర్ర గాలిలో ఊగుతుంది, అందుకే అడుగు తప్పినవారికి పక్కవారే లయ అందిస్తారు. నేను నా తరగతిని ఐదుగురి జట్లుగా చేసినప్పుడు ఆ కోలాటమే మనసులో ఉంది. ఒక్కో జట్టులో ఇంటి భాష వేరైనవారు కనీసం ఇద్దరు ఉండాలి, జట్టుకు ఒక్క ఫోను ఉంటే చాలు అని నియమం పెట్టాను. ఫోను చేతులు మారుతూ తిరిగినప్పుడు ప్రశ్నను ఒకరు పైకి చదవాలి, ఒకరు భాష మార్చి చెప్పాలి. పాఠం ఆ మాటల్లోనే జరిగిపోయేది.

బరంపురం అక్షరం

ప్రాణహిత గారి మాట ఎంతో నచ్చింది. ఒక హెచ్చరిక మాత్రం జోడించాలి. జట్టు ఓడినప్పుడు, "నీ వల్లే" అనే వేలు బలహీనుడి వైపే లేస్తుంది. జట్టుకూ జట్టుకూ పోటీ పెడితే పట్టిక మళ్లీ దొడ్డిదారిన వచ్చినట్టే. అందుకే లక్ష్యం తరగతి మొత్తానికి ఒకటే ఉండాలి, జట్లు దానికి పనిచేసే చేతులుగా ఉండాలి. జట్టు సభ్యులను నెలకొకసారి మార్చండి. ఒకే జట్టులో ఇరుక్కుపోయిన పిల్లవాడికి అదో కొత్త ఒంటరితనం అవుతుంది.

విన్సెంట్ టింటో 1975 నుంచీ చెబుతూ వచ్చినదాని సారం ఇదే. విద్యార్థి చదువు మానేయడానికి తెలివి తక్కువ కావడం ఒక్కటే కారణం కాదు, చదువుతోనూ తోటివారితోనూ ముడి పడకపోవడం పెద్ద కారణం. మీ యాప్ బాగా పనిచేసిందా లేదా అని లెక్కించేటప్పుడు, ఎన్నిసార్లు తెరిచారన్నది చూడకండి. ఎంతమందికి కనీసం ఒక సీనియర్, ఒక అధ్యాపకుడు, ఒక తోటి విద్యార్థి పేరు పెట్టి పిలిచేంత దగ్గరయ్యారో చూడండి. దసరా తర్వాత ఎంతమంది తిరిగి వచ్చారో చూడండి.

వంశధార

ఇంకొకటి కూడా చెప్పాలి. పిల్లలు చుట్టూ ఉన్నవారిని గుర్తుపట్టడం మొదలుపెట్టాక యాప్ అవసరం తగ్గిపోతుంది. మా దగ్గర రెండో నెల చివరికి ఎవరూ దానిని తెరవలేదు, నేను బాధపడలేదు, ఎందుకంటే వారు గ్రంథాలయంలోనే కూర్చుని ఉన్నారు. సెమిస్టరంతా యాప్ నడవాలన్న పట్టుదల అమ్మేవారిది, మనకు అక్కర్లేదు.

మహేంద్రతనయ

అందరి మాటలూ రెండేసిసార్లు చదివాను. రాబోయే ప్రవేశాలకు మా విభాగంలో ఇలా చేయాలని నిర్ణయించుకున్నాము. ర్యాంకుల పట్టిక ఉండదు. రాత్రి ఏడు దాటాక ఏ నోటిఫికేషనూ వెళ్లదు. క్విజ్ ఉంటుంది, గడియారం ఉండదు, తప్పు జవాబుకు వెంటనే వివరణ కనిపిస్తుంది, ఎన్నిసార్లైనా మళ్లీ ప్రయత్నించవచ్చు. వెతుకులాట మొదటి ఆరు వారాలకే పరిమితం, ఫోను లేనివారికి అదే అట్టముక్క మీద. తరగతి మొత్తానికి లక్ష్యం ఒక్కటే: దసరా సెలవుల తర్వాత మొదటి సోమవారం అందరూ తరగతిలో ఉండాలి. ఎవరైనా రాకపోతే, వారి జట్టులోని పిల్లలు ఫోను చేసి "ఎప్పుడు వస్తున్నావు?" అని అడుగుతారు, నేను కూడా అడుగుతాను. తల్లిదండ్రులకు ఇచ్చే సమ్మతి పత్రం తెలుగులోనూ ఒడియాలోనూ ఒక్కో పేజీ రాస్తున్నాను. ఛత్రపురం నాన్నగారూ, అచ్చుకు పంపే ముందు మీరు ఒకసారి చదివి, అర్థం కాని వాక్యాలకు గీత పెట్టి పంపుతారా?

ఇంకా తేలనిది భాష. ఇదే పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉన్న గిడుగు రామమూర్తి గారు సవరల మాట నేర్చుకుని, వారి పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పాలని పుస్తకాలు రాశారు. వంద ఏళ్లు దాటిన తర్వాత కూడా మా యాప్‌లో సవర మాట ఒక్కటీ లేదు. మొత్తం పాఠాలను మార్చే శక్తి మాకు లేదు. కనీసం వెతుకులాటలోని ప్రశ్నలు వినిపించినా, "ఈ చోటు నీది కూడా" అని ఆ పిల్లలకు తెలుస్తుంది. ఎవరైనా సాయం చేయగలరా?

జయపురం కోడర్

సార్, అక్షరాలుగా కాక గొంతుగా పెడదాం. చదవడం ఏ లిపిలో వచ్చినా రాకపోయినా వినడం అందరికీ వస్తుంది. ఒక్కో ప్రశ్న పది సెకన్లు ఉంటే చాలు, తక్కువ నాణ్యతతో దాచినా మాట స్పష్టంగానే ఉంటుంది, ఇరవై ప్రశ్నలు కలిపినా ఒక ఫొటో కన్నా పెద్ద బరువు కాదు. తెలుగు, ఒడియా, సవర, మూడింటికీ మూడు బొత్తాలు పెడతాను. నాకు రికార్డింగులు పంపితే చాలు, మిగతా పని ఉచితంగా చేస్తాను.

కాశీనగర్ అమ్మాయి

సార్, నాకు సవర రాదు. హాస్టల్‌లో మా పక్క గదిలో ఉండే అమ్మాయికి వచ్చు. నిన్న రాత్రి ఈ చర్చంతా ఆమెకు చదివి వినిపించాను. "స్కాలర్‌షిప్ సీటు ఎక్కడ?" అన్నదాన్ని సవరలో ఎలా అడగాలో ఇద్దరం కలిసి ఆలోచించాము. స్కాలర్‌షిప్‌కు వారి భాషలో మాట లేదట, "చదువుకు సర్కారు ఇచ్చే డబ్బు" అని అర్థం వచ్చేలా చెప్పింది. తన గొంతు బాగుండదేమోనని మొహమాటపడుతోంది. ఆదివారం ఊరికి వెళ్లినప్పుడు వాళ్ల అమ్మతో కూడా చెప్పించి తెస్తానంది. ప్రశ్నల పట్టిక శనివారం లోపు పంపండి, వాళ్ల ఊళ్లో సిగ్నల్ ఉండదు, కాగితం మీద రాసి ఇచ్చి పంపుతాను.